జీర్ణశిలలకు నెలవైన పురావస్తుశాలలు



నూతనాలయ నిర్మాణముకంటె జీర్ణోద్ధరణము పుణ్యప్రదమని పెద్దలు చెప్పుదురు. ఆ పుణ్యకార్యమున తొలగింపబడిన పాతరాళ్లు ఎచ్చటికి పోవుచున్నవను ప్రశ్న మాత్రము సాధారణముగ ఎవరును వేయరు. కళాకర్షణము గావించి, బాలాలయమున స్వామిని నిలిపిన పిమ్మట జీర్ణబింబమును తొలగింతుము. కొయ్యబింబమును అగ్నికిని, శిలాబింబమును జలమునకును అప్పగింపవలెనని అగ్నిపురాణము చెప్పుచున్నది. ఇది పూజాబింబమునకు చెప్పిన విధి. గడప, ద్వారశాఖ, స్తంభము, శాసనఫలకము మున్నగువానిని కూడ బావిలో పడవేయుమని దాని తాత్పర్యము కాదని నా అభిప్రాయము.

మన బార్కస్ పేరులోనే ఒక చరిత్ర కలదు. నిజాము కొలువునకు యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బు సైనికుల బారకాసులు ఇచ్చట నుండుటచే, ఆంగ్లశబ్దమే జనుల నోట బార్కస్ అయినది. 1948లో నిజాము పాలన ముగిసి ఆ సైన్యము లేకపోయినను పేరు మిగిలినది. పేరు నోటిమాటగా నిలుచును గాని, రాతిమీది వ్రాత రాతితోనే పోవును.

ఆ రాళ్లను కాపాడిన చోట్లలో ముందుగా ఆలంపురమును చెప్పవలెను. జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్రాతీరమున, బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయముల చెంత నున్న ఆ చిన్న పురావస్తుశాల 1952 నాటిది. మహిషాసురమర్దిని, నటరాజు, లజ్జాగౌరి మున్నగు శిల్పములు అందు కలవు. చాళుక్య విజయాదిత్యుని కాలమున 713లో వేయబడిన శాసనము ఆ క్షేత్రముననే లభించినది. యాత్రికులలో పెక్కుమంది అమ్మవారిని దర్శించి, ఆ శాల గడప త్రొక్కకయే బస్సెక్కుదురు!

కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో నుండిన సంగమేశ్వరాలయము శ్రీశైలము జలాశయమున మునుగనుండగా, దాని రాళ్లకు అంకెలు వేసి, విప్పి, ఆలంపురమునకు చేర్చి, ఆ క్రమముననే మరల పేర్చిరి. జోగులాంబ మూలాలయము శిథిలమైన పిదప శతాబ్దములపాటు అమ్మవారు బాలబ్రహ్మేశ్వరాలయముననే పూజలందుకొని, 2005లో నూతనాలయమునకు తరలినది. పాతదానిని భద్రముగ నిలుపుకొన్న ఊరు గనుకనే క్రొత్తగుడి పూర్వస్మృతితో అతుకుకొన్నది.

ఆ ఊరివారగు గడియారం రామకృష్ణశర్మగారు సంప్రదాయపండితులు, శాసనపరిశోధకులు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను అచ్చట జరిపించి క్షేత్రమహిమను తెలుగునాట చాటిరి. వారి ఆత్మకథ ‘శతపత్రము’నకు మరణానంతరము 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. వేదశాస్త్రములు చదివినవాడు శాసనలిపి నేర్వరాదను మాట ఎక్కడిదో నాకు తెలియదు.

కొలనుపాకలో పురావస్తుశాల సోమేశ్వరాలయ ప్రాంగణముననే యున్నది. కల్యాణి చాళుక్యుల కాలమున ప్రసిద్ధి కెక్కిన ఆ నగరము వీరశైవులకు రేణుకాచార్యుల ఉద్భవక్షేత్రము, జైనులకు తీర్థము. ఊరిచుట్టును దొరికిన ప్రతిమలను, శాసనములను గుడినీడకు చేర్చిరి. సంగారెడ్డి వద్ద కొండాపురపు శాల త్రవ్వకములలో దొరికిన శాతవాహన నాణెములకు ప్రసిద్ధము. దాని సంగతి వేరొకచో వ్రాయదగినది.

ఇంత దూరము పోనక్కరలేదు. మన నగరముననే చైతన్యపురి వద్ద, కోసగుండ్ల నరసింహస్వామి వెలసిన గుట్టమీది బండపై, గోవిందరాజ విహారమను బౌద్ధవిహారమును పేర్కొను ప్రాకృతశాసనము కలదు. అది 5వ శతాబ్దినాటిదని పండితుల నిర్ణయము. స్వామికి మ్రొక్కి దిగివచ్చువారిలో దానిని చూచినవారెందరు?

శాసనములకు శత్రువులు దండయాత్రలు మాత్రమే కావు. భక్తితో పూసిన సున్నము, ఎనామిల్ రంగు, సిమెంటు, గోడలు శుభ్రపరచుటకు వాడు ఇసుకయంత్రము, ఇవన్నియు అక్షరములను మ్రింగినవే. శాసనప్రతి తీయుట కష్టమైన పనియు కాదు. రాతిని నీటితో కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, కుంచెతో తట్టగా కాగితము అక్షరపు గుంటలలోనికి దిగును. పిదప సిరా అద్దినచో నల్లని పుటపై తెల్లని అక్షరములు తేలును. పురావస్తుశాఖకు తెలిపినచో వారే వచ్చి తీయుదురు. మేస్త్రీ సుత్తె ఎత్తుటకు ముందే ఆ కబురు పోవలెను.

మన ఆలయమున ఈ ఉద్ధరణలో తొలగించిన పాత గడప, విరిగిన స్తంభపు ముక్క, రెండు నాగశిలలు ప్రస్తుతము యాగశాల వెనుక నున్నవి. పునాదిలో వేయుదమని కొందరు, వాహనము పెట్టి పంపివేయుదమని మరికొందరు అనుచున్నారు. ప్రాకారమునకు ఈశాన్యమున చిన్న పందిరి వేసి, ఏ రాయి ఎచ్చటిదో, ఎప్పుడు తీసితిమో ఫలకముపై వ్రాసి నిలుపవలెనని నేను కార్యవర్గమునకు విన్నవించితిని. నిర్ణయము ఇంకను కాలేదు. పూర్వపు గుడి ఛాయాచిత్రములు, చందాపుస్తకములు, ఉత్సవపత్రికలు ఎవరి యింట నున్నను, మండలాభిషేకములు ముగియులోపల కార్యాలయమున అందజేసినచో ప్రతులు తీసికొని మూలములను తిరిగి యిచ్చివేయుదుము.