పత్రిక (పాత తెలుగు వార్తారచనలో)

పత్రిక సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన స్త్రీలింగ పదం. పత్రం అంటే ఆకు. తాటాకు మీద రాసే రోజుల్లో ఆకే కాగితం కాబట్టి, దాని మీద రాసినవాటికీ ఆ పేరే వచ్చింది. ఉత్తరం, జాతకం, లగ్ననిశ్చయం, పెళ్లి పిలుపు, పైవారికి పెట్టుకునే విజ్ఞాపన అన్నీ పత్రికలే. ముద్రణ వచ్చేదాకా శతాబ్దాల తరబడి మాట ఇలాగే నడిచింది.

వార్తల కాగితం అన్న అర్థం పందొమ్మిదో శతాబ్దంలో చేరింది. మద్రాసు నుంచి 1838లో మండిగల వెంకటరామశాస్త్రి 'వృత్తాంతిని'ని, 1842లో పువ్వాడ వెంకటరావు 'వర్తమాన తరంగిణి'ని తెచ్చారు. తర్వాత కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' (1874), 'సతీహితబోధిని' (1883), మద్రాసులో 'ఆంధ్రప్రకాశిక' (1885), 'శశిలేఖ' (1894) వచ్చాయి. వీటి పేర్లలో పత్రిక అన్న మాట లేదు గాని, దాని లింగం ఉంది. వర్ధని, బోధిని, ప్రకాశిక అంటూ స్త్రీలింగ రూపాలే ఎంచుకున్నారు. విశేష్యం పత్రిక అని వేరే చెప్పనక్కర లేకపోయింది.

మాట పేరులోకే ఎక్కి ఇంటింటా వినబడింది 'కృష్ణాపత్రిక'తో. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావులు 1902 ఫిబ్రవరి 2న మచిలీపట్నంలో దీన్ని ప్రారంభించారు. 1907 నుంచి 1945లో మరణించేదాకా ముట్నూరి కృష్ణారావు సంపాదకులు. ఆయన చేతిలో అది తెలుగు వచనానికి గొప్ప బడి అయింది. అమృతాంజనం వ్యాపారంలో గడించిన కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా స్థాపించారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మార్చారు. 1910 నుంచి వెలువరించిన ఉగాది సంచికలు ఈనాటికీ దాచుకోదగినవి.

ఆ కాలపు వాడుకలో ఒకే పుటలో ఈ మాట అర్థం మారుతూ ఉంటుంది. 'గత పత్రికలో ప్రకటించితిమి' అన్న ధోరణి వాక్యంలో పత్రిక అంటే కిందటి సంచిక. 'మా పత్రిక అభిప్రాయము' అన్నచోట సంపాదకుడే. 'పత్రికకు ధరావతు' (డిపాజిటు) అన్నప్పుడు సంస్థ. 1910 నాటి ప్రెస్ చట్టం అచ్చుకూటాల నుంచీ ప్రకాశకుల నుంచీ ధరావతు అడిగే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది కనుక ఆ వాడుక బాగా బలపడింది. పక్క కాలమ్‌లో ఆహ్వాన పత్రిక, విజ్ఞాపన పత్రిక కనిపిస్తే అవి పాత అర్థంలోవే. పత్రికాధిపతి అన్న మాట ఇంకా తికమక పెడుతుంది. ఇప్పటి చదువరికి అది యజమాని అనిపిస్తుంది; ఆనాడు ఎడిటరును అలా పిలిచేవారు. పాఠకుల ఉత్తరాలు ఆయన పేరిటే వచ్చేవి. చాలా చోట్ల పెట్టుబడి, రాత, ప్రూఫులు దిద్దడం, చందాల వసూలు ఒకరి నెత్తినే ఉండేవి కనుక ఆ బిరుదు అబద్ధమూ కాదు.

నిజాం రాజ్యంలో 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి పత్రిక', ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల 'తెనుగు పత్రిక' వెలువడ్డాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ పత్రిక' హైదరాబాదులో పుట్టింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో ఆయన 354 మంది కవులతో తెచ్చిన 'గోలకొండ కవుల సంచిక' సాటిలేనిది. ఇక్కడ పత్రిక, సంచిక రెండూ విడివిడి అర్థాలతో స్థిరపడి కనిపిస్తాయి.

తర్వాతి దినపత్రికలు, 1938 నాటి 'ఆంధ్రప్రభ' మొదలు 1974 నాటి 'ఈనాడు' దాకా, ఎక్కువగా ఈ మాట లేని పేర్లే పెట్టుకున్నాయి. నోటి మాటలో పేపరు దాని స్థానం తీసుకుంది. దినపత్రిక, వారపత్రిక, మాసపత్రిక, పెళ్లి పత్రిక వంటి సమాసాల్లో అది నిలిచింది. 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయింది. పాత ఫైళ్లు తిరగేసేవారు పత్రిక అన్న మాట తగిలినప్పుడు, అది కాగితమా, సంచికా, సంస్థా అన్నది పక్క మాటలను బట్టి తేల్చుకోవాలి.