హోసూరు సీమకు గడియారపు విద్య వచ్చిన తెఱగు

హోసూరు పట్టణము తమిళనాటి ఉత్తరపు సరిహద్దున, బెంగుళూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్నది. తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినవచ్చు తావిది. ఇచటి తెలుగువారు తరతరములుగా సేద్యమును, పట్టుపురుగుల పెంపకమును నమ్ముకొని జీవించిరి. గడియారపు విద్య ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వచ్చి చేరినది. అది ఎట్లు వచ్చినది, ఎట్టివారిని పనిలోనికి తీసికొనిరి, ఆ విద్యలో కష్టతరమైన ఆటోమేటిక్ గడియారపు పని తెలిసినవారు నేడేల అరుదైరి అను విషయములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

కీ యియ్యనక్కఱలేని గడియారము కొత్తది కాదు. స్విట్జర్లాండునందలి ల లోక్లు గ్రామమున అబ్రహాం లూయీ పెర్రెలె అను శిల్పి 1770 ప్రాంతపు దశకమున అట్టిదానిని నిర్మించెనని ప్రసిద్ధి. పదునైదు నిమిషములు నడచిన చాలును, ఎనిమిది దినములు పనిచేయునని 1777 లో జెనీవా కళాసంఘము పేర్కొనెను. చేతిగడియారమునకు ఈ పద్ధతిని అనువుపఱచినవాడు జాన్ హార్‌వుడ్ అను ఆంగ్లేయుడు. అది 1920 తరువాతి మాట. బరువు పూర్తిగా చుట్టు తిరుగు రోటరును 1931 లో రోలెక్స్ సంస్థ ప్రచారమునకు తెచ్చెను.

ఈ యంత్రమున అర్ధచంద్రాకారమైన బరువు ఒకటి ఇరుసుపై తిరుగును. చేయి కదలినపుడెల్ల అది కదలి, చక్రముల ద్వారా లోపలి స్ప్రింగును బిగించును. సామాన్య గడియారమున కీ నిండినంతనే వ్రేళ్లకు తెలియును, మనుష్యుడు ఆపును. ఇచట ఆపు వ్రేళ్లు లేవు. కావున స్ప్రింగు కొస డబ్బీ గోడను ఒత్తి పట్టుకొని, బిగువు మితిమీరినపుడు మాత్రమే జారవలెను. గోడకు పూసిన గ్రీజు తగినది కానిచో అది ముందే జారును, గడియారము తెల్లవారులోపల ఆగిపోవును. అసలే జారనిచో ఊగుచక్రము మితిమీరి ఊగి కాలము ముందునకు పోవును. రెండు దోషములును పైకి కనబడవు. పనివానిని పరీక్షింపదలచిన యజమాని గడియారమును విప్పి బిగించిన వేగమును చూచిన చాలదు; పూర్తిగా బిగిసిన గడియారము ఎన్ని గంటలు నడచినది, వేర్వేరు భంగిమలలో ఎంత తేడా చూపినది అని గమనింపవలెను.

దక్షిణదేశమున ఈ విద్యకు పెద్ద బడి బెంగుళూరు. 1953 లో స్థాపితమైన హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ, జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో 1961 లో గడియారముల కర్మాగారమును నెలకొల్పెను. సిద్ధహస్తులు దేశమున చాలినంతమంది లేరు. కావున శిక్షణ యిచ్చి పనివారిని తయారుచేసికొనవలసి వచ్చెను. కూర్పు పనిలో స్త్రీలు అనేకులు కుదిరిరి. ఆ సంస్థ తరువాత ‘కాంచన్’ వంటి ఆటోమేటిక్ గడియారములను సైతము చేసెను.

1984 లో టాటావారును, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థయు కలిసి టైటాన్ సంస్థను స్థాపించిరి. కర్మాగారమునకు హోసూరును ఎన్నుకొనిరి. బెంగుళూరు అనుభవజ్ఞులు కొందఱు అందు చేరిరి. కాని కూర్పు పనికి పాఠశాల చదువు ముగించిన గ్రామీణ యువతీయువకులను ఎంపికచేసి నేర్పిరి. ఇది ఈ సీమ చరిత్రలో గమనింపదగిన విషయము. నేర్పు పుట్టుకతో రాదనియు, వంశమునకు చెందినది కాదనియు, ఓపికయు చేతి నిలుకడయు గల పల్లెబిడ్డకు దానిని నేర్పవచ్చుననియు ఆ నియామకము ఋజువు చేసెను.

ఐనను ఒక లోపము ఏర్పడినది. అప్పటికి క్వార్ట్‌జు గడియారము ప్రబలెను. సెకనునకు 32,768 సార్లు కంపించు స్ఫటికమునకు బ్యాటరీ చాలును; చుట్టవలసిన స్ప్రింగు లేదు. కొత్తవారు ఆ పనినే ప్రధానముగ నేర్చిరి. స్ప్రింగు విద్య పాతవారి చేతులలో మిగిలెను. హిందుస్థాన్ సంస్థ గడియారముల శాఖను మూసివేయుటకు 2016 లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించెను. అట్లు ఆ పెద్ద బడియు మూతపడెను. ఇటీవల ఆటోమేటిక్ గడియారములపై మరల మక్కువ కలిగినది. టైటాన్ సంస్థయు తన సొంత ఆటోమేటిక్ యంత్రములను చేయుచున్నది. పని కలదు, పనివారు తక్కువ.

ఇందు గ్రహింపదగినది ఒకటి కలదు. ప్రకటన వేసి నిపుణుని పిలుచుటతో సరిపోదు. ఉద్యోగవిరమణ చేసిన వృద్ధుని గౌరవవేతనముతో పిలిపించి, అతని ప్రక్కన ఇద్దఱు శిష్యులను కూర్చుండబెట్టుటయే తగిన మార్గము. తెలుగు సంఘములు చేయగల పనియు నున్నది. బెంగుళూరు, హోసూరు ప్రాంతములలో ఈ పని చేసి విరమించిన తెలుగువారిని వెదకి, వారు పనిబల్లమీద వాడిన మాటలను, వారికి తెలిసిన మెలకువలను వ్రాయించి చిన్న పుస్తకముగ అచ్చువేయవలెను. తెలుగు చదివిన బిడ్డకు యంత్రవిద్య అందరాదను అపోహ మన తల్లిదండ్రులలో బలముగా నున్నది. వాదనలకంటె అట్టి పుస్తకమే దానికి తగిన సమాధానము. ఆ వృద్ధులు మన మధ్య నుండగనే ఈ పని జరుగవలెను.