హైదరాబాద్ హరిత స్థలాలు – పౌర బృందాలు

నగరంలోని పార్కులు, చెరువు గట్లు, రోడ్డు పక్క చెట్లు, మిగిలిన అడవి తునకలను కాపాడుకోవడానికి, వాటి ఆలనాపాలనా చూడడానికి ప్రజలు ఏర్పరచుకునే సంఘాలే పౌర బృందాలు. కాలనీ సంక్షేమ సంఘాలు, వాకర్ల సంఘాలు, పక్షి పరిశీలకులు, విద్యార్థులు వీటిలో ఉంటారు. భూమి మీద అధికారం అటవీ శాఖదో, నగరపాలక సంస్థదో. ఈ బృందాలకు ఉన్నదల్లా ఆ చోటుతో రోజూ ఉండే పరిచయం. హైదరాబాద్‌లో ఫలితమిచ్చిన పోరాటాలకు బలం అక్కడి నుంచే వచ్చింది.

చేవెళ్ల మర్రిచెట్ల ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల బీజాపూర్ రహదారికి ఇరువైపులా పాత మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణలో అవి పోతాయని తెలిసినప్పుడు ప్రకృతి ప్రేమికులు ముందుగా లెక్క మొదలుపెట్టారు. చెట్టు చెట్టు దగ్గర ఆగి, అది ఉన్న చోటును ఫోన్‌లో జియోట్యాగ్ చేశారు. అలా 900కు పైగా మర్రులు నమోదయ్యాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో వాదనకు ఆ జాబితాయే ఆధారమైంది. 'చెట్లు పోతున్నాయి' అంటే అధికారి విని ఊరుకోవచ్చు. ఫలానా చోట ఫలానా మర్రి అని చూపిస్తే జవాబు చెప్పక తప్పదు. ఇరుకు రోడ్డు మీద ప్రమాదాల్లో మనుషులు పోతున్న మాటా నిజమే. అందుకే ఎక్కువ చెట్లను నిలబెట్టేలా రోడ్డు నమూనాను మార్చడం, వీలుకాని వాటిని వేళ్లతో సహా తీసి వేరేచోట నాటడం అనే దారి ముందుకొచ్చింది.

జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు కథ ఇంకా తేలలేదు. చిరాన్ ప్యాలెస్ ఉన్న ఈ సుమారు 390 ఎకరాల రాతినేల అడవిని 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. చుట్టుపక్కల కూడళ్లలో ఫ్లైఓవర్ల ప్రణాళికకు వ్యతిరేకంగా వాకర్లు, పర్యావరణ కార్యకర్తలు కదిలారు. 2016లో ట్రైబ్యునల్ చెట్ల నరికివేతపై స్టే ఇచ్చింది. పార్కు చుట్టూ 2020లో కేంద్రం నిర్ణయించిన పర్యావరణ సున్నిత మండలం వెడల్పు మాత్రం 3 మీటర్ల నుంచి 30 మీటర్ల లోపే. అడవికి అంత సన్నని అంచు ఏ మూలకూ చాలదు. ఫ్లైఓవర్లు మళ్లీ తెరపైకి వచ్చాయి, పౌరులు మళ్లీ కోర్టుకెక్కారు.

2025లో కంచ గచ్చిబౌలిలో దాదాపు 400 ఎకరాల్లో చెట్లు కొట్టేయడానికి బుల్డోజర్లు దిగినప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

పోరాటం కన్నా నిర్వహణ కష్టం. అక్కడ కెమెరాలుండవు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. బెంగళూరులో పుట్టెనహళ్లి చెరువును స్థానికుల ట్రస్టు 2011లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని చేపట్టింది. గుర్రపుడెక్క తీయించడం, పక్కనున్న అపార్ట్‌మెంట్ల శుద్ధిచేసిన నీటిని చెరువుకు మళ్లించడం వంటివి అక్కడ జరిగాయి. ఇలాంటి ఒప్పందాల్లో చూసుకోవాల్సింది ఒకటుంది. తీరిక, స్తోమత ఉన్నవారి చేతికి వెళ్లిన పార్కుకు గేటు, వేళలు, నియమాలు వచ్చిపడతాయి. మధ్యాహ్నం చెట్టు నీడన కాసేపు నడుం వాల్చే కూలీకి అక్కడ చోటు మిగలాలంటే, నిర్వహణ కమిటీలో అలాంటివారి మాటా వినబడాలి.