రోజుకు 5 సెంట్లు

చెక్కలోంచి పొడుచుకొచ్చిన మేకు. బూటు అడుగును చీల్చుకుని కూలీ పాదంలో దిగబడింది. చుట్టూ కాలిఫోర్నియా ఎడారి, కనుచూపు మేరలో నీడ లేదు. తోటివాళ్ళు అతణ్ణి లారీ ఎక్కించి డెజర్ట్ సెంటర్ అనే ఊరి వైపు తీసుకెళ్ళారు.

కొలరాడో నది నీళ్ళను 1,617 అడుగుల ఎత్తుకు తోడి, 242 మైళ్ళు నడిపించి, లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి అందించే కాలువ తవ్వకం అక్కడ సాగుతోంది. 92 మైళ్ళు సొరంగాలే. కొండలు తొలిచేది 5,000 మంది కూలీలు. వాళ్ళ కోసం 1933లో 27 ఏళ్ళ డాక్టర్ సిడ్నీ గార్‌ఫీల్డ్ అప్పు చేసి, 12 మంచాల ఆస్పత్రి కట్టాడు.

వచ్చినవాళ్ళెవరినీ కాదనలేదు. బీమా కంపెనీలు మాత్రం బిల్లులు నెలల తరబడి నానబెట్టేవి. కాస్త తేరుకున్న రోగిని నగరానికి పంపెయ్యమనేవి. జ్వరమొచ్చిన కూలీ చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. అప్పులు మెడకు చుట్టుకున్నాయి. ఇక తలుపులు మూయడమే తరువాయి.

అప్పుడు హెరాల్డ్ హాచ్ ఒక దారి చూపాడు. ఇంజినీరుగా పనిచేసి బీమా రంగంలోకి వచ్చిన మనిషి. గాయమైనా కాకపోయినా తలకు రోజుకు 5 సెంట్లు బీమా సంస్థ ముందే కట్టేస్తుందన్నాడు. మామూలు జబ్బులకు కూలీ మరో 5 సెంట్లు వేసుకుంటాడు. కాలిఫోర్నియాలోని మనవాళ్ళలో ఎందరి పర్సుల్లోనో ఉండే కైజర్ పర్మనెంటె ఆరోగ్య పథకం కార్డుకు మొదలు ఇక్కడే.

అంతవరకు మంచం నిండితేనే డాక్టరుకు రాబడి. ఇప్పుడు ఖాళీగా ఉంటేనే మిగులు. నన్ను కట్టిపడేసేది ఈ మలుపే. మేకు గాయాలు వరసగా వస్తే గార్‌ఫీల్డ్ కట్లు కట్టి ఊరుకోలేదు. నేరుగా పనిచోటికే వెళ్ళి మేకులు ఏరించాడు. సొరంగంలో తలలు పగిలి వస్తే, పైకప్పుకు దన్ను దుంగలు గట్టిగా వేయించాడు.

1941లో కాలువ నీళ్ళు నగరాలకు చేరాయి. అప్పటికి గార్‌ఫీల్డ్ అక్కడ లేడు. 1938లోనే నిర్మాణ గుత్తేదారులైన కైజర్ల పిలుపు మీద వాషింగ్టన్ రాష్ట్రంలోని గ్రాండ్ కూలీ ఆనకట్టకు వెళ్ళాడు. అక్కడ కూలీలతో పాటు వాళ్ళ ఆలుబిడ్డలనూ పథకంలో చేర్చుకున్నారు.