లేసు సూది, పాలిథిన్ దారం

తెలుగులో 'అల్లు' అనే క్రియకు ఉన్న విస్తృతి తక్కువది కాదు. తీగ పందిరికి అల్లుకొంటుంది. మేదరి గంపను అల్లుతాడు. తల్లి జడ అల్లుతుంది. పనిలేనివాడు కథలల్లుతాడు. కవిత్వానికి సైతం మనవారు అల్లిక అనే మాటనే వాడుకొన్నారు. ఇన్ని అల్లికలున్న భాషలో పారవేసిన పాలిథిన్ సంచిని దారంగా కోసి, లేసు సూదితో మరొక సంచిగా అల్లే పని ఒకటి ఈ మధ్య వచ్చి చేరింది. చూడడానికిది నిన్నటి పని. కాని దీని వెనుక రెండు వందల సంవత్సరాల కథ ఉన్నది. ఆ కథలో మన గోదావరి తీరపు స్త్రీలకు పెద్ద పాత్రే ఉన్నది. తెలిసినంతవరకు చెప్పడానికి పూనుకొన్నాను.

మా పెద్దముడియం ప్రాంతం కుందూనది ఒడ్డున ఉన్న నల్లరేగడి సీమ. చరిత్ర చదివినవారికి ఈ ఊరి పేరు వింటే ముడివేము అగ్రహారం గుర్తుకు వస్తుంది. త్రిలోచన పల్లవునితో పోరులో భర్త విజయాదిత్యుడు మరణింపగా, గర్భవతియైన చాళుక్య రాణి ముడివేములో విష్ణుభట్ట సోమయాజి ఇంట తలదాచుకొని విష్ణువర్ధనుని కన్నదని 11వ శతాబ్దపు తూర్పు చాళుక్య శాసనాలు చెప్పే గాథ. ఆ ముడివేమే నేటి పెద్దముడియమని చరిత్రకారులు గుర్తించారు. నేను ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవడో ఒకడు 'ముడి వేము' అని పదం విడగొట్టి, ముడి వేయనివాళ్ళ ఊరా అయ్యవారూ అని నవ్వేవాడు. ఆ కొంటె వ్యుత్పత్తికి శాస్త్ర ప్రమాణమేమీ లేదు గాని, లేసు పని గురించి రాస్తున్నప్పుడు అది తప్పక జ్ఞాపకం వస్తుంది. ఎందుకంటే లేసు అల్లికలో నిజంగానే ముడి ఉండదు. ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును లాగుతూ పోవడమే పని అంతా. చివరి ఉచ్చు విప్పి కొస పట్టి లాగితే సంచి మొత్తం మళ్ళీ దారమై చేతికి వస్తుంది.

ప్లాస్టిక్కు రాకముందు ఈ సీమలో వస్తువు మోయడానికి ఎన్ని సాధనాలు, ఎన్ని పేర్లు! జనపనారతో వలలాగా అల్లినది చిక్కం. దానిని సంచిగానూ వాడేవారు, నూర్పిళ్ళలో ఎద్దు గింజ తినకుండా మూతికీ కట్టేవారు. ఎద్దుమీద ఇరువైపులా వేలాడే గోనె పెరికె. గింజలకు గోతం, పేడకు గంప, పెద్దలకు నడుమున దోపుకొనే వక్కాకు సంచి, భిక్షకునికి జోలె. అంగడికి పోతే చింతపండయినా చక్కెరయినా పాత పత్రికలో పొట్లం కట్టి పురికొస చుట్టి ఇచ్చేవారు. నూనెకు సీసా మనమే తీసుకుపోవాలి. జవుళి అంగడివారు తమ పేరు అచ్చొత్తిన గుడ్డసంచి ఇస్తే అది ఆ ఇంట పదేళ్ళు బతికేది, చివరకు మసిగుడ్డయి పొయ్యి దగ్గర ముగిసేది. కడప, కర్నూలు జిల్లాల నల్లరేగడిలో పత్తి పండేది, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ మగ్గాలు ఆడేవి. కాబట్టి గుడ్డ అనేది బయటినుంచి వచ్చే వస్తువు కాదు మాకు. ఆ తరువాత వైరు బుట్టల కాలం వచ్చింది. రంగురంగుల ప్లాస్టిక్ వైరు చుట్టలు కొని ఆడవారు అరుగులమీద బుట్టలు అల్లేవారు. ప్లాస్టిక్కును చేతితో అల్లడం మన ఇళ్ళకు అప్పుడే అలవాటయింది. అయితే అది కొన్న వైరు, పారవేసినది కాదు.

ఇక ఆ సూది సంగతి. 'క్రోషే' అనేది ఫ్రెంచి మాట, చిన్న కొక్కెం అని అర్థం. కొక్కెపు సూదితో చేసే ఈ అల్లిక అనాదిగా ఉన్నదని కొందరు చెబుతారు గాని, 19వ శతాబ్దానికి ముందు దానికి గట్టి ఆధారాలు అరుదు. అచ్చయిన నమూనాలు మొదట 1820లలో 'పెనెలొపె' అనే డచ్చి పత్రికలో కనిపిస్తాయి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరవు వచ్చినప్పుడు, అక్కడి సన్యాసినులు, భూస్వాముల ఇళ్ళ స్త్రీలు పేద ఆడవారికి ఈ పని నేర్పి, అల్లిన లేసులను నగరాలలో అమ్మించారు. ఆకలి కాలంలో అన్నం పెట్టిన సూది అది.

సరిగా అదే కాలంలో, 1844 ప్రాంతంలో, స్కాట్లండునుంచి వచ్చిన మెక్రే దంపతులు నర్సాపురంలో లేసు పని నేర్పారని పశ్చిమ గోదావరివారు చెప్పుకొనే చరిత్ర. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో కూడా మిషనరీ స్త్రీలు లేసు బడి నడిపారు. మొదట నేర్చుకొన్నది క్రైస్తవం పుచ్చుకొన్న మాల, మాదిగ కుటుంబాల స్త్రీలు. తరువాత వర్తకులు రంగంలోకి దిగారు. గడప దాటడం మర్యాద కాదనుకొనే కాపు కుటుంబాల ఆడవారు కూడా ఇంట కూర్చొని చేసే పని గనుక దీనిని అందుకొన్నారు. దారం ఇంటికి వస్తుంది, అల్లిన ముక్క ఇంటినుంచి పోతుంది. ఆ ముక్క యే దేశపు బల్లమీద పరచుకొంటుందో అల్లినామెకు తెలియదు. పువ్వు అల్లేవారు వేరు, పువ్వులను కలిపి కుట్టే అతుకుపనివారు వేరు. అందువల్ల మొత్తం దుప్పటి వెల ఎంతో చెప్పగలిగినది నడుమనున్న వర్తకుడు ఒక్కడే.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931–2023) 1970ల చివరలో నర్సాపురం వచ్చి ఈ స్త్రీల మధ్య పరిశోధన చేసింది. 1982లో లండనులో వెలువడిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ఆ శ్రమకు ఫలితం. ఇంటిపని కాక రోజుకు ఆరు, ఎనిమిది గంటలు సూది పట్టిన స్త్రీకి ఆనాడు దక్కినది రూపాయికి లోపే. పొలంలో కూలికి పోయే ఆడమనిషికి చట్టం నిర్ణయించిన కనీస వేతనంలో సగం కూడా కాదు. లక్షకు పైగా స్త్రీలు చేస్తున్న పని అది, విదేశీ మారకం తెచ్చే పని. అయినా వర్తకులూ అధికారులూ చివరకు ఆ స్త్రీల భర్తలూ దానికి పెట్టిన పేరు ఒక్కటే: తీరిక వేళ కాలక్షేపం. ఆమె గృహిణి, కార్మికురాలు కాదు. కాబట్టి ఆమెకు ఇచ్చేది కూలి కాదు, ఏదో చేతిఖర్చు. పుస్తకమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. అర్థశాస్త్రం నాకు పరాయి విద్య. కాని ఒక మాటకు అర్థం మార్చి మనిషి కష్టాన్ని మాయం చేయవచ్చునని భాష చదువుకొన్న నాకు ఆ పుస్తకం నేర్పినట్లు మరేదీ నేర్పలేదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. ఆ గుర్తింపు ఊరి పేరుకు రక్షణ. అల్లే చేతికి ఎంత ముడుతుందనేది ఇంకా వేరే ప్రశ్న.

పాలిథిన్ కథ దీనికంటె చిన్నది. 1933లో ఇంగ్లండులోని నార్త్‌విచ్ దగ్గర ఐ.సి.ఐ. ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు వేరే ప్రయోగం చేస్తుండగా పాత్ర అడుగున మైనం వంటి తెల్లని పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. దానితో చేతిపట్టీలున్న సంచిని రూపొందించినవాడు స్వీడన్ దేశస్థుడు స్టెన్ గుస్తాఫ్ థులిన్. 1965లో సెల్లోప్లాస్ట్ అనే సంస్థ దానికి పేటెంటు పొందింది. కాగితపు సంచుల కోసం చెట్లు కూలుతున్నాయని, గట్టి సంచి ఒకటి ఉంటే మళ్ళీ మళ్ళీ వాడుకొంటారని ఆయన తలచాడట. తండ్రి ఎప్పుడూ ఒక సంచిని మడిచి జేబులో పెట్టుకొని తిరిగేవాడని ఆయన కుమారుడు తరువాత చెప్పాడు. లోకం ఆ సంచిని తీసుకొన్నది, ఆ అలవాటును మాత్రం తీసుకోలేదు.

2019 సెప్టెంబరులో కుందూ పొంగి మా మండలంలోని పల్లెలను ముంచింది. నీరు తీసిన తరువాత ఒడ్డు వెంట నడిచి చూశాను. ఎంతవరకు వరద వచ్చినదీ గీత గీసినట్లు తెలిసింది. తుమ్మకొమ్మలకు అంత ఎత్తున పాలిథిన్ సంచులు పీలికలై వేలాడుతున్నాయి. చెట్టుకు వేలాడేది మన కంటికి కనబడుతుంది. పశువు కడుపులోకి పోయినది కనబడదు. మా పొరుగున పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు వీధి ఆవులకు శస్త్రచికిత్స చేయించి పదుల కిలోల ప్లాస్టిక్కును బయటికి తీశారు. 2012లో వారే సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. ఆవుకు కూరతొక్కలు కావాలి గాని సంచి కాదు. మనం తొక్కలను సంచిలో కట్టి పారవేస్తాము, ముడి విప్పడం ఆవుకు రాదు.

ప్రభుత్వ నియమాలు లేకపోలేదు. సంచి మందం 20 మైక్రాన్లకు తగ్గరాదని 1999లో, 40కి తగ్గరాదని 2011లో, 50కి తగ్గరాదని 2016లో అన్నారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. అంకెలు పెరుగుతూ వచ్చాయి. సంతలో పలుచని సంచి ఇంకా చేతికి వస్తూనే ఉన్నది.

అటువంటి సంచులతో సంచి అల్లడానికి పేరు పొందిన ఊరు పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా దేశంలోని న్జావ్. అక్కడ ఇసాటు సీసే అనే స్త్రీ, ప్లాస్టిక్ తిని మేకలు చస్తుంటే చూడలేక, 1997లో మరి నలుగురు ఆడవారిని కూడగట్టుకొని చెత్తలోని సంచులు ఏరి, కడిగి, ఆరబెట్టి, పీలికలు కోసి చిన్న చిన్న పర్సులు అల్లించింది. చెత్త ఏరుకొనేవాళ్ళని ఊరు వెక్కిరిస్తే రాత్రిపూట లాంతరు వెలుగులో పని చేసుకొన్నారట. పర్సులు అమ్ముడుపోయిన తరువాత వెక్కిరింపు ఆగింది. 2015లో గాంబియా ప్రభుత్వం ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. మన దేశంలో కచ్‌లోని ఖమీర్ సంస్థవారు ఇదే పీలికను సూదికి కాక మగ్గానికి ఎక్కించారు.

పని తీరు ఇది. సంచిని చదునుగా పరచి, పైన పట్టీలు, అడుగున అతుకు కోసివేయాలి. మిగిలిన గొట్టాన్ని నాలుగు సెంటీమీటర్ల వెడల్పున అడ్డంగా కోస్తే వలయాలు వస్తాయి. ఒక వలయంలోనుంచి మరొక దానిని దూర్చి బిగిస్తే దారం సాగుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల నిడివి గల సంచికి పది వలయాలు, అంటే జంట పేటగా దాదాపు మూడు మీటర్ల దారం. గలగలమని చప్పుడు చేసే పలుచని సంచి ఇందుకు బాగా లొంగుతుంది. పాలపాకెట్టు మెత్తగా ఉన్నా జారుతుంది, పులిసిన వాసన పోయేదాకా కడగాలి. మందపు సంచికి సూది నొప్పి తప్ప ఫలితం లేదు.

ఇంత వివరంగా తెలియడానికి కారణం మా మేనకోడలు. నర్సాపురం వైపు కోడలిగా వెళ్ళి లేసు నేర్చుకొని, కాలం కలిసిరాక బిడ్డలతో తిరిగి ఇక్కడికే వచ్చింది. నూలుదారం కొనే స్తోమత లేక పాలిథిన్‌ను పట్టింది. ఒక సంచికి ఆమెకు 45 పాత సంచులు, పద్నాలుగు గంటలు పట్టాయి. పట్టణంనుంచి ఒక వ్యాపారి వచ్చి చూసి, నమూనా బాగున్నదని మెచ్చి, సంచికి 80 రూపాయలు ఇస్తానన్నాడు. తీరిక వేళల్లో చేసేదే కదమ్మా, చెత్తకు ఖర్చు కూడా లేదు కదా అని అతని లెక్క.

"తీరిక యాడిది మామా?" అన్నది ఆమె నాతో. "బర్రెకు మేత ఏసి, పిల్లోళ్ళను బడికి పంపి, మిద్దె కింద కూచుంటే ఆ రెండు గంటలే. అవి నేను నిద్రపోవాల్సిన గంటలు."

ఇద్దరం కాగితంమీద లెక్క వేశాము. గంటకు ఆరు రూపాయలు కూడా పడదు. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 300 రూపాయలు. అల్లినది ఎండలో పెడితే ఎన్నాళ్ళు ఆగుతుందని కూడా అడిగాను. ఆగదన్నది, నిజమే. ఎండకు పాలిథిన్ పెళుసెక్కి పొలుసులుగా రాలుతుంది. రాలిన పొడి మట్టిలో కలుస్తుందే గాని మట్టి కాదు. అందుకే కొనేవారికి నీడన ఉంచమని ఆమె ముందే చెబుతున్నది. వ్యాపారికి మాత్రం సంచికి 450 అని చెప్పి పంపింది. అతడు మళ్ళీ రాలేదు. ఊరివారు నలుగురు అడిగి అల్లించుకొన్నారు, వెల బదులు ఒకరు శనగలు ఇచ్చారు. పాత సంచులు మాత్రం ఎవరికి వారే కడిగి తెచ్చి ఇవ్వాలన్నది ఆమె నియమం.