ఎన్నింటికి జరిగింది?

2008 అనుకోండి. రాత్రి తొమ్మిదీ యాభై. మదురైలో ఒక పెద్దాసుపత్రి. క్యాజువాల్టీలో డ్యూటీ మీది.

స్ట్రెచర్ దడదడా వస్తోంది. ముప్పై ఏళ్ల మనిషి. తొడకి చుట్టిన పంచె నల్లగా తడిసిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా జిగట చెమట. నాడి దారంలా సన్నగా, 130 దాటి కొట్టుకుంటోంది. బీపీ 80.

"మా తమ్ముడు సార్. చోళపురం కాడ లారీ కొట్టింది."

రాజపాళయం రాజుల ఇళ్లలో తరతరాలుగా నిలిచిన తెలుగు అది. మీ నోటిదాకా వచ్చిన తమిళం ఆగిపోయింది.

"ఎన్నింటికన్నా?"

"ఎనిమిదీ పదికి."

రెండు చేతులకీ సూదులు. సెలైన్ పారుతోంది. రక్తం కోసం మనిషి పరుగెత్తాడు. ఇప్పుడే కట్టిన కట్టు మళ్లీ ఎర్రబడుతోంది. కారేచోట నెత్తురు గడ్డకట్టాలి కదా? కడుతోంది. కానీ పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఒళ్లే ఆ గడ్డల్ని కరిగించేస్తుంది. పైగా సెలైన్ ఉన్న నెత్తురుని పల్చన చేస్తుంది.

గడ్డ కరగకుండా పట్టి ఉంచే మందుంది. ట్రానెక్సామిక్ ఆసిడ్. జపాన్‌లో ఉతాకో ఒకమోటో, ఆమె భర్త షొసుకె కలిసి కనిపెట్టి 1962లో ప్రకటించారు. ఆపరేషన్లలో పనిచేస్తోంది. యాక్సిడెంట్ కేసుల్లో? గుండెలోనో మెదడులోనో గడ్డ కడితే?

బీరువాలో క్రాష్-2 పెట్టె. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ నడుపుతున్న పరీక్ష. 40 దేశాలు, 274 ఆసుపత్రులు. మిగిలిన ప్యాకెట్లలో చిన్న నంబరుదే తియ్యాలి. లోపల నాలుగు ఆంపూల్స్. మందో, ఉత్త ఉప్పునీరో మీకూ తెలీదు, నర్సుకీ తెలీదు. నియమం ఒక్కటే: మందు ఇచ్చి తీరాలనో, ఇవ్వకూడదనో మీకు గట్టిగా అనిపిస్తే ప్యాకెట్ ముట్టుకోవద్దు. నిజంగా ఎటూ తేలకపోతేనే విప్పండి.

తేలడం లేదు.

"ఇది మందేనా సార్?"

అబద్ధం చెప్పలేరు. "కావచ్చు. ఉప్పునీళ్లే కావచ్చు అన్నా. రక్తం, ఆపరేషన్ మాత్రం ఏవీ ఆగవు."

ఆయన తమ్ముడి మొహం చూశాడు. సంతకం పెట్టాడు.

రెండు ఆంపూల్స్ విరిచి సెలైన్‌లో కలిపారు. పది నిమిషాల్లో ఎక్కాలి.

బీపీ 70.

రక్తం రాలేదు.

తొడ నొక్కండి. ఇంకా గట్టిగా. మీ చేతులు వణుకుతున్నాయి. వదలొద్దు.

వచ్చింది. ఎక్కించండి. థియేటర్ తలుపు తెరుచుకుంది.

మిగిలిన రెండూ ఎనిమిది గంటలపాటు బొట్టు బొట్టుగా ఎక్కుతాయి. మీరు ఫారం నింపుతున్నారు. దెబ్బ తగిలి ఎన్ని గంటలైంది? 2.

2010 జూన్. లాన్సెట్ మీ చేతిలో ఉంది. 20,211 మంది. ఉత్త ఉప్పునీళ్లు ఎక్కినవాళ్లలో చావులు నూటికి 16.0, మందు ఎక్కినవాళ్లలో 14.5. మీరు భయపడ్డ గడ్డలు పెరగలేదు. మరుసటి ఏడాది ఇంకో లెక్క తేలింది. మొదటి మూడు గంటల్లో ఇస్తే నెత్తురు పోయి చచ్చిపోవడం తగ్గింది. ఆ తర్వాత ఇస్తే పెరిగింది. మీరు హడావుడిగా నింపిన ఆ చిన్న గడే ఇంతా తేల్చింది.

మళ్లీ స్ట్రెచర్ చప్పుడు. ఈసారి ఆంపూల్ మీద మందు పేరు ఉంది. నాడి పట్టుకుంటూనే వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగారు.

"ఎన్నింటికి జరిగింది?"