వీడియో యంత్రము – దాని చరిత్రయు, సంరక్షణయు

గ్రంథమునకు కావలసినది చదువరి యొక్కడే. తాళపత్రమైనను, అచ్చు పుస్తకమైనను, అక్షరజ్ఞానము గలవాడు చేతబట్టినచో అది పలుకును. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మానవుడు తన జ్ఞాపకములను దాచుకొన్న వీడియో టేపునకు ఈ సౌలభ్యము లేదు. ఎంతటి విద్వాంసుడు చేతబట్టినను అది వట్టి నల్లని నాడా. దానిని పలికించుటకు వీడియో కాసెట్ రికార్డరు, అనగా వి.సి.ఆర్. అను యంత్రమే కావలయును. ఆ యంత్రమును తయారుచేయువారిలో కడపటి సంస్థగా పేరొందిన జపానులోని ఫునాయ్ 2016 జూలైలో తన ఉత్పత్తిని నిలిపివేసెను. ఇక మిగిలినవి పాత యంత్రములే. వానికి వచ్చు రోగములను తెలిసికొనవలెనన్న ముందుగా వాని పుట్టుకను తెలిసికొనవలయును.

శబ్దమును అయస్కాంతపు టేపుమీద నిలుపు విద్య జర్మనీలో వర్ధిల్లి, 1935లో బెర్లిన్ ప్రదర్శనమున లోకమునకు తెలియవచ్చెను. చిత్రమును అట్లు నిలుపుట అంత సులభము కాలేదు. ధ్వని స్పందనములు సెకనుకు వేలలో నుండగా, టెలివిజన్ చిత్రమునకు అవి సుమారు 50 లక్షల వరకు పోవును. అన్నింటిని వ్రాయవలెనన్న టేపు హెడ్డు ముందునుండి మహావేగముతో పరుగెత్తవలయును. బ్రిటన్‌లో బి.బి.సి. వారు 1950 దశకమున నిర్మించిన 'వెరా' యంత్రములో టేపు సెకనుకు 5 మీటర్ల వేగమున పోయెడిది. అర మీటరు వ్యాసము గల పెద్ద చుట్ట యైనను పదునైదు నిమిషములకే ముగియుచుండెను.

ఈ చిక్కును అమెరికాలోని ఆంపెక్స్ సంస్థలో ఛార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున పనిచేసిన చిన్న బృందము విప్పెను. టేపును పరుగెత్తించుటకు మారుగా వారు హెడ్డునే త్రిప్పిరి. నాలుగు హెడ్లు గల చక్రము నిమిషమునకు 14,400 మారులు తిరుగుచు, రెండంగుళముల వెడల్పు గల టేపుపై అడ్డముగ గీతలు గీయును. 1956 ఏప్రిల్ 14న చికాగోలో దీనిని ప్రదర్శించిరి. ఆ బృందమునందలి యువకుడు రే డాల్బీ తరువాత శబ్దగ్రహణ విద్యలో జగద్విఖ్యాతి గాంచెను.

ఆ మహాయంత్రము టెలివిజన్ కేంద్రములకు మాత్రమే తగినది. టేపును డ్రమ్ము చుట్టు ఏటవాలుగ నడపి గీతలు గీయు పద్ధతి జర్మనీ, జపాను దేశముల ఇంజనీర్ల కృషిచే ఏర్పడిన పిదపనే ఇంటికి తగిన యంత్రము సాధ్యమయ్యెను. సోనీ సంస్థ 1971లో 'యు-మాటిక్'ను, 1975లో 'బీటామాక్స్'ను విపణికి తెచ్చెను. జె.వి.సి. సంస్థలో షిజువో టకానో, యుమా షిరాయిషి అనువారి కృషి ఫలముగ 1976లో వి.హెచ్.ఎస్. యంత్రము వెలువడెను. తొలి బీటామాక్స్ కాసెట్టు ఒక గంటకు చాలగా, ఇది రెండు గంటలు నడిచెను. జె.వి.సి. తన పద్ధతిని ఇతర తయారీదారులకును ఇచ్చుటచే అది లోకమంతట వ్యాపించెను. ఇంట కార్యక్రమములను రికార్డు చేసికొనుట చట్టవిరుద్ధమని అమెరికాలో చిత్రనిర్మాణ సంస్థలు వ్యాజ్యమాడగా, తరువాత తీరికగ చూచుకొనుటకు అట్లు చేయుట తప్పు కాదని 1984 జనవరి 17న ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నలుగురు న్యాయమూర్తులు ఎదురాడగా, ఐదుగురి అభిప్రాయము నెగ్గెను.

భారతదేశమున 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన సంవత్సరమున, రంగుల టెలివిజన్ ప్రసారములు మొదలయ్యెను. వి.సి.ఆర్. విస్తరించినది ఆ దశకముననే. తెలుగు పట్టణములలో కాసెట్లు అద్దెకిచ్చు దుకాణములు వెలసి 'వీడియో లైబ్రరీ' యని పేరు పెట్టుకొన్నవి. పల్లెలలో యంత్రమును, టెలివిజనును ఒక్క రాత్రికి అద్దెకు తెచ్చి, ముంగిట చాపలు పరచుకొని తెల్లవారువరకు చిత్రములు చూచెడివారు. అయితే సినిమాల కంటె విలువైనవి పెండ్లి కాసెట్లు. వానిలో జీలకర్ర బెల్లము పెట్టుచున్న వధూవరులే గాక, పందిరిలో తిరుగాడు తాతయు, అప్పగింతల పాట పాడు మేనత్తయు ఉందురు. వారిలో పలువురు నేడు లేరు. వారి రూపము ఫొటోలోనైనను దొరకును. వారి నడకయు, గొంతును ఆ టేపునందే యున్నవి.

వి.హెచ్.ఎస్. టేపు వెడల్పు అరంగుళము. మన దేశపు పద్ధతిలో అది సెకనుకు 2.34 సెంటీమీటర్లు మాత్రమే ప్రాకును. 62 మిల్లీమీటర్ల వ్యాసము గల డ్రమ్ము నిమిషమునకు 1,500 మారులు తిరుగుటచే, దానియందలి రెండు హెడ్లు టేపుపై సెకనుకు దాదాపు 4.85 మీటర్ల వేగమున వ్రాయును. ఒక్కొక్క గీత మిల్లీమీటరులో ఇరువదవ వంతు కంటెను సన్ననిది. ఇంతటి సూక్ష్మమైన పని గనుకనే రవ్వంత మాలిన్యము చేరినను చిత్రము చెడును.

తెరపై తెల్లని చుక్కలు మంచువలె క్రమ్ముకొన్నచో, తరచుగ హెడ్లకు మురికి పట్టినదని గ్రహింపవలయును. ప్లగ్గు తీసి, మూత విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని షామీ తోలు ముక్కను డ్రమ్ముకు కదలకుండ ఆనించి, డ్రమ్మును చేతితో మెల్లగ త్రిప్పవలయును. ముక్కను పైకి క్రిందికి రుద్దినచో హెడ్డు విరుగును. దూది పోగులు హెడ్డు కొనకు చిక్కుకొనును గనుక దూదిని వాడరాదు. డ్రమ్ముపై వ్రేళ్లు మోపరాదు.

యంత్రము టేపును నమలుచున్నచో సామాన్యముగ రబ్బరు భాగములే కారణము. చుట్టుకొను చక్రమును త్రిప్పు బెల్టు సాగినను, రబ్బరు చక్రము నున్నబడి జారినను, ముందుకు వచ్చిన టేపు చుట్టుకొనక లోపల కుప్పపడును. అట్టి సమయమున కాసెట్టును బలవంతముగ లాగరాదు. మూత విప్పి, టేపును నిదానముగ విడిపింపవలయును. శబ్దము సాగుచు వణకుచున్నచో, టేపును నడపు ఇనుప కడ్డీని, దానికి ఒత్తుకొను రబ్బరు రోలరును శుభ్రపరచవలయును. చిత్రములో ఒకచోట చారలు నిలిచియున్నచో ముందు ట్రాకింగు బటనును సవరించి చూడవలయును. లోపలి గైడు స్తంభములను తెలియనివారు కదపరాదు.

కొన్ని తొలినాటి యంత్రములలో టేపు చివర వచ్చుటను గుర్తించుటకు ఒక చిన్న దీపముండును. అది మాడినచో, తక్కినదంతయు సవ్యముగ నున్నను యంత్రము పనిచేయదు. యంత్రము బొత్తిగ మేల్కొననిచో విద్యుత్తు నందించు భాగములోని కెపాసిటర్లు ఎండి యుండవచ్చును. అచ్చట 300 వోల్టులకు మించిన విద్యుత్తు నిలువయుండి, ప్లగ్గు తీసిన తరువాతను కొంతసేపు ప్రాణాపాయము కలిగించును. ఆ పని నేర్చిన మెకానిక్కే చేయవలయును.

పాత యంత్రము కొన్నవారు మొదటనే పెండ్లి కాసెట్టును దానిలో పెట్టరాదు. పోయినను చింత లేని కాసెట్టుతో పరీక్షింపవలయును. తెల్లని బూజు కనిపించు టేపును యంత్రమున పెట్టినచో అది డ్రమ్మునకంటి, తరువాత పెట్టిన కాసెట్లకును ప్రాకును. అమెరికాలోని బంధువులు పంపిన కాసెట్టు సరిగ కనిపింపనిచో దోషము టేపుది కాకపోవచ్చును. ఆ దేశపు పద్ధతి వేరు గనుక రెండు పద్ధతులును తెలిసిన యంత్రము కావలయును. కాసెట్టును మొదటికంట చుట్టి, తేమ లేనిచోట, స్పీకర్లకు దూరముగ, పుస్తకమువలె నిలువుగ నుంచవలయును. దాని వీపు అంచుననున్న చిన్న పలకను విరిచినచో పొరపాటున దానిపై వేరొకటి రికార్డు కాదు.

ఇవన్నియు గడువును పొడిగించు ఉపాయములు. అరిగిన హెడ్లకు మారుగ క్రొత్తవి దొరకుట అరుదు. ఒక యంత్రము చచ్చినగాని మరియొకదానికి విడిభాగములు లభింపవు. కావున యంత్రము నడచుచున్న దినములలోనే టేపులను కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలయును. ఊరికొక్క యంత్రము నడచుచున్నను, దానిని బాగుచేయగల మెకానిక్కు ఒక్కడున్నను, ఎన్నో ఇండ్ల పెట్టెలలోని గొంతులు మరల వినబడును. అయితే ఆ ప్రతియును మరియొక యంత్రముపై ఆధారపడినదే. అందుచే కాసెట్టులో కనిపించు పెద్దల పేర్లను, వరుసలను, శుభకార్యము జరిగిన సంవత్సరమును, వారిని గుర్తింపగలవారు జీవించియుండగనే, ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచవలయును. ఆ కాగితమునకు చదువరి యొక్కడు చాలును.